డ్యూయీతో మొదలుపెట్టాలా, జేన్ ఆడమ్స్‌తోనా? ప్రాగ్మాటిజాన్ని స్త్రీవాద దృష్టితో చదవాలనుకునేవాళ్లకి

బీఎడ్ చదివినవాళ్లకి, డీఎస్సీకి ప్రిపేర్ అయినవాళ్లకి అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ పేరు కొత్తేమీ కాదు. వ్యవహారిక సత్తావాదం, అంటే ప్రాగ్మాటిజం, అనగానే డ్యూయీ, డ్యూయీ అనగానే చేస్తూ నేర్చుకోవడం, బిట్ పేపర్లో టిక్కు పెట్టి పక్క ప్రశ్నకి వెళ్లిపోతాం. నేనూ అలాగే వెళ్లిపోయాను. 1896లో ఆయన షికాగోలో పెట్టిన ప్రయోగశాల బడిలో రోజూ పిల్లల మధ్య నిలబడి పాఠం చెప్పింది ఎక్కువగా ఆడవాళ్లేనని, ఆ బడికి ప్రిన్సిపాల్‌గా చేసిన ఆయన భార్య ఆలిస్ చిప్‌మన్ డ్యూయీ పదవి విషయంలో యూనివర్సిటీ పెద్దలతో గొడవ ముదిరే 1904లో ఆయన అక్కడ రాజీనామా చేశాడని నేను చదివిన గైడ్లలో ఎక్కడా లేదు. తర్వాతెప్పుడో అది తెలిసినప్పుడు, ఇన్నాళ్లూ సగం కథే చదివానన్న బాధతోనే ఇటువైపు చదవడం మొదలుపెట్టాను.

స్త్రీవాద దృష్టితో ప్రాగ్మాటిజం చదవాలనుంది, ఎక్కడ పట్టుకోవాలి అని స్నేహితులు అడుగుతుంటారు. అందరికీ ఒకే జవాబు చెప్పను, ఎందుకంటే పేరు ఒకటే అయినా అందులో వేరువేరు దారులున్నాయి, ఒక దారిలో కనిపించేది ఇంకో దారిలో కనిపించదు. కానీ నా మొగ్గు ఎటో దాచిపెట్టను. ఎక్కువమంది డ్యూయీతో మొదలుపెడతారు, నేనైతే ఆయన కాలంలోనే షికాగోలో వలస కార్మికుల మధ్య పనిచేసిన జేన్ ఆడమ్స్‌తో మొదలుపెట్టమంటాను.

ముందు కొంచెం నేపథ్యం. ఒక ఆలోచనకి అర్థం ఏమిటో తెలియాలంటే, దాన్ని నమ్మి నడుచుకుంటే మన పనిలో, బతుకులో ఏం తేడా వస్తుందో చూడమంటుంది ప్రాగ్మాటిజం. చార్లెస్ పర్స్ 1878లో ఈ సూత్రం రాశాడు. విలియం జేమ్స్ 1907లో అచ్చయిన ఉపన్యాసాలతో దాన్ని జనంలోకి తెచ్చాడు. డ్యూయీ, జార్జ్ హెర్బర్ట్ మీడ్ షికాగోలో దాన్ని బడికీ సమాజానికీ పట్టుకెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఫిలాసఫీ విభాగాల్లో భాషా విశ్లేషణ, తర్కం పైచేయి అయ్యేసరికి వీళ్లందరూ పక్కకి పోయారు, దాంతో 1970లలో స్త్రీవాదులు యూనివర్సిటీల్లోకి వచ్చేనాటికి వీళ్లని పాఠంగా చెప్పేవాళ్లే తక్కువ. స్త్రీవాదం, ప్రాగ్మాటిజం రెండూ మనుషుల అనుభవం నుంచే మొదలవుతాయి, రెండింటికీ సిద్ధాంతం వేరు ఆచరణ వేరు అనే గీత నచ్చదు, అయినా ఇవి ఎందుకు కలుసుకోలేదు అని గట్టిగా అడిగిన మనిషి తత్వవేత్త చార్లీన్ హాడాక్ సీగ్‌ఫ్రీడ్. స్త్రీవాద తత్వశాస్త్ర పత్రిక హైపేషియా 1993లో ఈ విషయం మీద ప్రత్యేక సంచిక తెచ్చింది, దాని సంపాదకురాలు ఆవిడే. 1996లో ‘ప్రాగ్మాటిజం అండ్ ఫెమినిజం’ పుస్తకం రాసింది. మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ పుస్తకం పక్కన ఉండాల్సిందే.

ఇక డ్యూయీ దారి. మీకు ఫిలాసఫీలో కాస్త పరిచయం ఉంటే, మనసు గొప్పది శరీరం తక్కువది, ఆలోచన గొప్పది చేతిపని తక్కువది అనే మాటలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవాలనుంటే ఇది మీ దారి. ప్రాచీన గ్రీసులో చేతులతో పని చేసింది బానిసలు, చేతివృత్తులవాళ్లు, తీరిగ్గా కూర్చుని ఆలోచించింది పౌరులైన మగవాళ్లు, కాబట్టి తెలుసుకోవడం పై మెట్టు, చేయడం కింది మెట్టు అయిపోయిందని డ్యూయీ వాదన. అంటే తత్వశాస్త్రంలో ఉన్న హెచ్చుతగ్గులు సమాజంలోని హెచ్చుతగ్గుల నీడలే. ఇది చదివిన స్త్రీవాది ఎవరైనా, మరి వండిపెట్టింది, పిల్లల్ని పెంచింది ఎవరు అని వెంటనే అడుగుతారు. డ్యూయీకి ఆ సంగతి తట్టకపోలేదు. ఆడవాళ్లు ఇతరుల తత్వానికి విద్యార్థులుగా కాకుండా సొంతంగా తత్వం రాయడం మొదలుపెడితే అది మగవాళ్ల అనుభవంలోంచి పుట్టినదానిలా ఉండదని 1919లోనే రాశాడు. ఓటు హక్కు ఉద్యమానికి, ఆడపిల్లలు మగపిల్లలు కలిసి చదువుకోవడానికి మద్దతిచ్చాడు. 1916లో వచ్చిన తన విద్యాగ్రంథం ముందుమాటలో ఎల్సీ రిప్లీ క్లాప్ చేసిన సాయాన్ని చెప్పుకున్నాడు, షికాగో బడుల సూపరింటెండెంట్ అయిన ఎల్లా ఫ్లాగ్ యంగ్ దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు.

అయితే లోపం కూడా అక్కడే ఉంది, దాన్ని సీగ్‌ఫ్రీడ్ మొహమాటం లేకుండా చెప్పింది. ఆడవాళ్ల తత్వం వేరుగా ఉంటుందని అన్న మనిషి ఆ మాటని పట్టుకుని ముందుకెళ్లలేదు. ముందుమాటలో కృతజ్ఞతలు చెప్పిన ఆడవాళ్లు పుస్తకం లోపలికి వచ్చేసరికి ఆలోచనాపరులుగా పెద్దగా కనపడరు. పక్షపాతాన్ని ఆయన ఎక్కువగా అజ్ఞానంలా, పాతబడిన అలవాటులా చూస్తాడు, తెలివిగా విచారణ చేస్తే, నలుగురూ సహకరిస్తే పోతుందన్న భరోసాతో. నా లెక్కలో ఇది చిన్న పొరపాటు కాదు. ఒకరి అణచివేతలో ఇంకొకరికి సుఖం ఉన్నప్పుడు, ఆ సుఖం అనుభవించేవాళ్లకి విషయం తెలియక కాదు, వదులుకోవడం ఇష్టం లేక అలా ఉంటారు.

అయినా డ్యూయీని వదిలేయమనను, అలవాటు గురించి ఆయన రాసింది అంత విలువైనది. 1922 నాటి ‘హ్యూమన్ నేచర్ అండ్ కాండక్ట్’లో వంగి నిలబడే మనిషి ఉదాహరణ ఉంటుంది. నిటారుగా నిలబడాలి అని గట్టిగా అనుకున్నంత మాత్రాన అతను నిలబడలేడు, ఎందుకంటే సరిగ్గా నిలబడటం అంటే ఏమిటో అతని శరీరానికి తెలియదు, వంకరే దానికి మామూలు. ఈ పాయింటుని తత్వవేత్త షానన్ సలివన్ 2001లో వచ్చిన తన పుస్తకంలో జెండర్ వైపు తిప్పింది. శరీరం, పరిసరం ఒకదాన్నొకటి తయారుచేస్తూ ఉంటాయి, ఆడతనం మగతనం అలా ఒంటికి పట్టిన అలవాట్లు, వాటిని మనసులో నిర్ణయించుకుని తీసేయలేం, పరిసరం కూడా మారాలి. బస్సులో ముగ్గురి సీట్లో కూర్చున్నప్పుడు ఎవరు చెప్పకుండానే ముడుచుకుంటారో, ఎవరు కాళ్లు చాపుకుంటారో ఈసారి గమనించండి, ఆవిడ వాదన మొత్తం అర్థమవుతుంది. డ్యూయీ వాక్యం బరువుగా ఉంటుంది, ‘ఎక్స్‌పీరియన్స్ అండ్ నేచర్’తో మాత్రం మొదలుపెట్టకండి, నేను అలా మొదలుపెట్టి నెలల తరబడి పక్కన పడేశాను. 1919లో జపాన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలతో తయారైన ‘రీకన్‌స్ట్రక్షన్ ఇన్ ఫిలాసఫీ’ చాలా తేలిక.

ఇప్పుడు నేను ఎక్కువ చెప్పాలనుకున్న మనిషి. జేన్ ఆడమ్స్ 1860లో పుట్టింది, 1881లో కాలేజీ చదువు పూర్తయింది, అదే ఏడాది తండ్రి పోయాడు, తర్వాత ఎనిమిదేళ్లు అనారోగ్యంతో, ఏం చెయ్యాలో తెలియని దిగులుతో గడిపింది. 1889లో స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి షికాగోలో వలస కార్మికుల పేటలో హల్ హౌస్ పెట్టింది. అక్కడే కాపురం ఉంటూ కిండర్‌గార్టెన్, రాత్రి బడులు, క్లబ్బులు నడిపింది, చెత్త ఎత్తడం లేదని పోట్లాడి ఆ వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం కూడా చేసింది. డ్యూయీ అక్కడికి వచ్చి మాట్లాడేవాడు, దాని ట్రస్టీల్లో ఒకడు, తన కూతురికి ఆమె పేరే పెట్టుకున్నాడు. 1931లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నప్పుడు లోకం ఆమెని సంఘసేవకురాలు అంది. తత్వవేత్త అనడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. సీగ్‌ఫ్రీడ్ లాంటివాళ్ల పట్టుదల వల్లే అది జరిగింది.

డ్యూయీ చెప్పిన సిద్ధాంతాన్ని ఆమె ఆచరించింది అని రాస్తుంటారు. నాకు ఆ వాక్యం అస్సలు మింగుడుపడదు. 1894లో పుల్‌మన్ రైలు పెట్టెల కంపెనీ జీతాలు తగ్గించి, తన ఊళ్లో కార్మికులుండే ఇళ్ల అద్దె మాత్రం తగ్గించకపోవడంతో పెద్ద సమ్మె జరిగింది. ఆ రోజుల్లో డ్యూయీ, ఆడమ్స్ ఇద్దరూ సంఘర్షణ గురించి వాదించుకున్నారు. సంఘర్షణ తప్పదని, దాంట్లోంచే కొత్తది పుడుతుందని ఆయన, వైరం ఎప్పుడూ అనవసరమేనని, సొంత అహం తెచ్చి కలపడం వల్లే అది పుడుతుందని ఆమె. ఇంటికొచ్చి ఆయన భార్యకి ఉత్తరం రాస్తూ తాను ఇన్నాళ్లూ ఈ విషయాన్ని తలకిందులుగా చూశానేమో అని ఒప్పుకున్నాడు. ఎవరు ఎవరికి గురువు? ఆ సమ్మె మీద ఆమె రాసిన వ్యాసంలో పుల్‌మన్‌ని షేక్స్‌పియర్ లియర్ రాజుతో పోలుస్తుంది. అన్నీ ఇచ్చాను కదా అనుకునే తండ్రి, పిల్లలకి ఏం కావాలో ఒక్కసారీ అడగని తండ్రి. అది 1912 దాకా అచ్చు కాలేదు.

1902లో వచ్చిన ‘డెమోక్రసీ అండ్ సోషల్ ఎథిక్స్’లో ప్రతి అధ్యాయం ఒక సంబంధం చుట్టూ తిరుగుతుంది. సాయం చేయడానికి వెళ్లిన చదువుకున్న అమ్మాయి, సాయం తీసుకునే పేదింటి ఆవిడ. ఇంటి యజమానురాలు, పనిమనిషి. తండ్రి, కూతురు. సాయం చేసే అమ్మాయి పొదుపు చేయమని నీతులు చెబుతుంది, పేదింటివాళ్లేమో ఇంత డబ్బుండి లెక్క చూసి ఇస్తుందేంటి, మా పక్కింటావిడ తన దగ్గర ఉన్నదాంట్లో సగం పెడుతుంది కదా అని ఆశ్చర్యపోతారు. అమ్మాయికి తన నీతి తన తరగతి నీతి మాత్రమేనని మెల్లగా తెలుస్తుంది. అనుభవం నుంచి జ్ఞానం అని డ్యూయీ వందల పేజీల్లో చెప్పేది ఇక్కడ ఒక వంటింటి గడప దగ్గర జరుగుతుంది. కూతురి అధ్యాయం చదివితే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే అది మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్న కథ. కూతుర్ని కాలేజీకి పంపి, లోకం చూడమని, నలుగురికి పనికొచ్చేలా ఉండమని చెప్పి, చదువు అయిపోగానే ఇక ఇంటికి రా, నువ్వు మా దానివి అంటారు. ఆమెకి సమాజం మీద కూడా ఒక బాధ్యత ఉందనేది వాళ్లకి బాధ్యతలా కాదు, మొండితనంలా కనిపిస్తుంది.

ఇంకొక ఘటన చెప్పకుండా ఉండలేను. 1913లో హల్ హౌస్‌లో ఒక దెయ్యప్పిల్లని దాచారని పుకారు లేచింది. గిట్టలు, మొనదేలిన చెవులు, తోక ఉన్నాయట. ఆరు వారాల పాటు జనం చూపించమని వచ్చి గొడవ చేశారు. ఇటాలియన్లు చెప్పిన కథలో, భక్తిపరురాలైన అమ్మాయి నాస్తికుణ్ణి పెళ్లి చేసుకుంటే అతను గోడమీది దేవుడి పటం చింపి, ఇది ఉండేకంటే ఇంట్లో దెయ్యం ఉన్నా నయం అన్నాడట. యూదులు చెప్పిన కథలో ఆరుగురు ఆడపిల్లల తండ్రి, ఏడోది కూడా ఆడపిల్ల అయ్యేకంటే దెయ్యం పుట్టినా మేలు అన్నాడట. ఆడమ్స్ మొదట విసుక్కుంది, తర్వాత వచ్చిన ముసలివాళ్లు చెప్పేది కూర్చుని విన్నది. భర్తల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు, బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు, కొడుకులు వదిలేసినవాళ్లు. దెబ్బకి దెబ్బ కొట్టే బలం లేని ఆడవాళ్లకి, ఇంట్లో మగవాళ్లని అదుపులో పెట్టడానికి ఈ కథ ఒక పనిముట్టు అని ఆమెకి అర్థమైంది. 1916లో దాన్ని ‘ది లాంగ్ రోడ్ ఆఫ్ వుమన్స్ మెమరీ’ పుస్తకంగా రాసింది. మూఢనమ్మకం అని కొట్టిపారేయకుండా, ఈ నమ్మకం వీళ్ల బతుకులో ఏం పని చేస్తోంది అని అడగడం, ఇంతకంటే స్వచ్ఛమైన ప్రాగ్మాటిజం నేను ఎక్కడా చదవలేదు.

ఆమెలోనూ లోపాలున్నాయి, తెలిసే చదవాలి. 1901లో నల్లజాతి వాళ్లని మూకలు చంపడాన్ని ఖండిస్తూ ఒక వ్యాసం రాసింది, కానీ చనిపోయినవాళ్లు నేరం చేసే ఉంటారన్న తెల్లవాళ్ల మాటని వాదన కోసమే అయినా ఒప్పుకుని రాసింది. నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఆ వ్యాసం వచ్చిన పత్రికలోనే లెక్కలతో జవాబిచ్చింది, ఎక్కువ కేసుల్లో అత్యాచారం ఆరోపణ కూడా లేదని చూపించింది. అందరి అనుభవాన్నీ వినాలన్న మనిషి కూడా వెల్స్ లాంటివాళ్ల అనుభవాన్ని ముందుగా వినలేదు. ఈ రెండు వ్యాసాల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. అలాగే బానిసత్వంలో పుట్టి 1892లో ‘ఎ వాయిస్ ఫ్రమ్ ది సౌత్’ రాసిన అన్నా జూలియా కూపర్‌ని కూడా ఇప్పుడు ఈ వరుసలో చదువుతున్నారు, అది మంచి మార్పు.

ఆ కాలపు ఇంకో రచయిత్రి మేరీ పార్కర్ ఫాలెట్ గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే ఆవిడ మేనేజ్‌మెంట్ వాళ్లకి బాగా పనికొస్తుంది. లైబ్రరీ గదిలో ఒకరికి కిటికీ తెరవాలని, ఫాలెట్‌కి మూసి ఉంచాలని ఉంటే, పక్క గదిలో కిటికీ తెరిచారట, ఇద్దరూ గెలిచారు. ఇంకొకరి మీద చెలాయించే అధికారం వేరు, ఇంకొకరితో కలిసి పంచుకునే అధికారం వేరు అని చెప్పింది ఆవిడే. ఆఫీసులో, సంఘంలో పనిచేసేవాళ్లు తప్పకుండా చూడండి. కానీ పక్క గది అనేదే లేని ఇళ్లలో ఉన్న ఆడవాళ్లకి ఈ పరిష్కారం ఎంతవరకు అన్నది నాకు ఇంకా తేలలేదు.

జేమ్స్‌ని ఎంచుకునేవాళ్లు వేరే రకం ఓపికతో రావాలి. ఎదుటి మనిషి లోపలి జీవితం మనకి ఎందుకు కనపడదో ఆయన రాసినంత అందంగా తక్కువమంది రాశారు. 1907 పుస్తకాన్ని జాన్ స్టువర్ట్ మిల్ జ్ఞాపకానికి అంకితమిచ్చాడు, అందులో ప్రాగ్మాటిజాన్ని ‘ఆమె’ అని పిలుస్తాడు. అదే మనిషి 1869లో ఆడవాళ్ల పరాధీనత మీద మిల్ రాసిన పుస్తకాన్ని సమీక్షిస్తూ సందేహాలు పడ్డాడు. త్యాగం చేస్తూ మగవాడికి నీడగా ఉండే ఆడమనిషి ఆయనకి ఆదర్శం, సీగ్‌ఫ్రీడ్ దీన్ని వివరంగా చూపించింది. మేరీ విటన్ కాల్కిన్స్ హార్వర్డ్‌లో ఆయన దగ్గర చదివి డాక్టరేట్‌కి కావాల్సినదంతా పూర్తి చేసినా యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వలేదు, ఆయన మాత్రం ఆమె ప్రతిభని గట్టిగా మెచ్చుకున్నాడు. గొప్ప రచయితని ప్రేమిస్తూనే నిలదీయడం నేర్చుకోవాలనుకుంటే జేమ్స్ మంచి ఎంపిక, మొదటి ఎంపికగా మాత్రం వద్దు. పర్స్ దారిలో స్త్రీవాదులకి దొరికేది తక్కువ, తర్కం ఇష్టమైతే తప్ప. ఆయన విద్యార్థిని క్రిస్టీన్ లాడ్-ఫ్రాంక్లిన్ 1882 నాటికే జాన్స్ హాప్కిన్స్‌లో డాక్టరేట్ పని ముగిస్తే, పట్టా 1926లో ఇచ్చారు. నలభై నాలుగేళ్లు.

ఇంకో దారి రిచర్డ్ రోర్టీది. ఈయన పర్స్, జేమ్స్, డ్యూయీల క్లాసికల్ తరం కాదు, తర్వాతి తరం తత్వవేత్త, కానీ 1990లో స్త్రీవాదం, ప్రాగ్మాటిజం మీద ఇచ్చిన ఉపన్యాసం వల్ల చాలామంది ఇటు వచ్చారు. అన్యాయానికి పేరు పుట్టేదాకా అది అన్యాయంలా వినపడదు, కాబట్టి స్త్రీవాదులు దాగున్న సత్యాన్ని వెలికితీయడం కాదు, కొత్త భాషని తయారుచేస్తున్నారు అన్నాడు. మనకి ఇది అనుభవమే. పేపర్లలో ఏళ్ల తరబడి ఈవ్ టీజింగ్ అని రాసినదాన్ని 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు తర్వాత పనిచోట లైంగిక వేధింపు అని పిలవడం నేర్చుకున్నాం. పేరు మారాక ఫిర్యాదుకి ఒక చోటు వచ్చింది. అయితే స్త్రీవాద తత్వవేత్త నాన్సీ ఫ్రేజర్ అప్పుడే అడ్డుపడింది, కొత్త భాష ఒక్కరి ప్రవచనంలోంచి రాదు, కలిసి పోరాడే ఉద్యమంలోంచి వస్తుందని. విశాఖ కేసు వెనక రాజస్థాన్‌లో అత్యాచారానికి గురై న్యాయం కోసం నిలబడ్డ భన్వారీ దేవి, ఆమె వెంట నిలబడ్డ మహిళా సంఘాలు ఉన్నాయి కాబట్టి నేను ఫ్రేజర్ వైపే. సాహిత్యం చదివేవాళ్లకి రోర్టీ త్వరగా ఎక్కుతాడు. అనుభవం కంటే భాషే అంతా అనే ఆయన మాటతో జాగ్రత్త. పేరు లేనప్పుడూ నొప్పి ఉంది.

మనవాళ్లకి మాత్రమే తెరుచుకునే ఒక తలుపు కూడా ఉంది. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా, షికాగో వదిలాక డ్యూయీ పాఠాలు చెప్పిన కొలంబియా యూనివర్సిటీలో చదివారు, డ్యూయీ క్లాసుల్లో కూర్చున్నారు, ‘కుల నిర్మూలన’లో డ్యూయీని తన గురువని, తాను ఎంతో రుణపడ్డానని రాశారు. 1916 మే నెలలో అక్కడి సెమినార్‌లో ఆయన చదివిన పేపరు కులం పుట్టుక మీద. కులం నిలబడేది కులంలోపలి పెళ్లి మీద, ఆ పెళ్లిని కాపాడటానికి భర్త పోయి మిగిలిపోయిన ఆడమనిషిని ఏదోలా అదుపు చేయాలి, అందుకే సతి, అందుకే బలవంతపు వైధవ్యం, భార్య పోయి మిగిలిపోయిన మగవాడికి కులంలోనే పిల్లని చూడాలి, అందుకే బాల్యవివాహం అని పాతికేళ్ల వయసులో వాదించారు. ఈ ఆచారాలు ఏ శాస్త్రంలో ఉన్నాయి అని కాకుండా, అవి సమాజంలో ఏం పని చేస్తున్నాయి అని అడిగారు. డ్యూయీకి కనపడనిది, అణచివేతలో ఒకరికి లాభం ఉంటుందన్నది, ఈయనకి మొదటినుంచీ తెలుసు. 1951లో ఆడవాళ్లకి ఆస్తి, విడాకుల హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు ఆగిపోవడం ముఖ్య కారణంగా మంత్రి పదవికి రాజీనామా చేశారు. మీరు అంబేద్కర్‌ని ముందే చదివి ఉంటే ఆ 1916 పేపరుతోనే మొదలుపెట్టి, తర్వాత డ్యూయీకి వెళ్లండి, షికాగో వాళ్లకంటే మీకే డ్యూయీ బాగా అర్థమవుతాడు.

ఇక నిర్ణయం. నెట్‌కో, పీహెచ్‌డీకో ఫిలాసఫీ చదువుతుంటే డ్యూయీ, సీగ్‌ఫ్రీడ్ జంటగా తీసుకోండి, పరీక్షకి అదే కావాలి, కానీ ఆడమ్స్ ఒక్క అధ్యాయమైనా మధ్యలో పెట్టుకోండి. స్త్రీ అధ్యయనాలు, సోషల్ వర్క్, అంగన్‌వాడీ, మహిళా సంఘాల పనిలో ఉన్నవాళ్లు రెండో ఆలోచన లేకుండా ఆడమ్స్‌తో మొదలుపెట్టి వెల్స్‌ని పక్కన ఉంచుకోండి. టీచర్లయితే డ్యూయీ బడిని ఎల్లా ఫ్లాగ్ యంగ్ వైపు నుంచి చూడండి, బడిలో టీచర్లకి మాట లేకపోతే పిల్లలకి ప్రజాస్వామ్యం ఎలా నేర్పుతారన్న ప్రశ్న ఆవిడదే. టైమ్ అసలు లేదు, ఒక్కటే చదువుతాను అంటారా, ‘డెమోక్రసీ అండ్ సోషల్ ఎథిక్స్’లో తల్లిదండ్రులు, పిల్లల సంబంధం మీద ఉన్న అధ్యాయం చదవండి. కాపీరైట్ తీరిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది, ఒక పూటలో అయిపోతుంది. వీలైతే మీ నాన్నగారికో, మీ అమ్మాయికో కూడా వినిపించండి, ఆడమ్స్ అందులో ఇద్దరి వైపునా నిలబడి మాట్లాడింది.